మడిలో నిలబడ్డ లాల్చీ

ఠంగు. ఠంగు. ఠంగు.

పాకలో ఇంకా చీకటి పోలేదు. చూరు నుంచి జారే చినుకుల చప్పుడును చీల్చుకుంటూ ఆ మోత నారుమడి వైపు నుంచి వస్తోంది. చాప మీద అటూ ఇటూ దొర్లుతున్న మోహనకృష్ణ కళ్లు తెరవకుండానే అదేమిటో పోల్చుకున్నాడు. మేనమామ గణపతిరావు ఇత్తడి పళ్లెం మీద గరిటెతో బాదుతున్నాడు. నిన్న రెండో విడతగా చల్లిన విత్తనాన్ని పిచ్చుకలు ఏరుకు తింటున్నాయి. పళ్లెం మోగినంతసేపూ గట్టు మీద కూర్చుంటాయి. చెయ్యి ఆగగానే మడిలోకి దిగుతాయి.

"ఒరే మోహనా! లెగరా! నా సెయ్యి పడిపోతంది. పిట్టలకి బొమ్మ కట్టమని నిన్నటి నుంచి మొత్తుకుంటన్నాను కాదేటి?"

"కడతాను మావయ్యా."

"ఏటి కడతావు? నీ సిగ్గు సూసి పిట్టలే నీకు దారిస్తన్నాయి. నాను రాజాం ఎల్తన్నాను. విస్తరాకులు తేవాల. ఆ నీలగిరి మొక్కల ఏజెంటు అక్కడే ఉంటానన్నాడు. వొచ్చేటప్పుడు బండెక్కించుకొని తెస్తాను."

మోహనకృష్ణకు మిగిలిన నిద్ర కూడా ఎగిరిపోయింది.

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న గణపతిరావు నాలుగెకరాల తోటకు నలభై కుటుంబాలు సభ్యులు. మందు చల్లని ఆ నేల ఏ కాలంలో ఏది కాస్తే అది బుధవారం నాడు బుట్టలో వారి గుమ్మం చేరుతుంది. కోరుకున్నది రాదు, కాసినది వస్తుంది. ఈ ఆషాఢంలో ఆనపకాయ కాసింది. వరసగా ఐదు వారాలు కాసింది. ప్రతి బుట్టలోనూ ఆ వారం కూర గురించి రెండు మంచి మాటలు రాసి పెట్టడం మోహనకృష్ణ అలవాటు. ఆనపకాయను ఐదు వారాలు ఐదు రకాలుగా పొగిడేసరికి అతని మాటలన్నీ అయిపోయాయి గాని పందిరి మీద కాయలు అయిపోలేదు.

ఏడాదికొకసారి ఉభాలనాడు, అంటే వరినాట్లు వేసే రోజున, సభ్యులంతా తోటకు రావాలి. తమ చేతులతో కొంత నాటి, తాము తినబోయే బియ్యాన్ని తామే మొదలుపెట్టాలి. అది ఉద్దేశం. కిందటేడు వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకుని, పులిహోర తిని, వచ్చిన కాళ్లు వచ్చినట్టే శుభ్రంగా వెళ్లిపోయారు. గణపతిరావుకు ఆ పూటే మనసు విరిగింది.

"ఈపాలి ఒక్కడైనా మడిలో కాలెట్టకపోతే సాయంత్రానికి ఏజెంటు కాగితాల మీద సంతకం ఎట్టేస్తాను," అన్నాడు బండి తీస్తూ. "నీలగిరి నాటేస్తే నీరక్కర్లేదు, నారక్కర్లేదు, ఈ మనుసులూ అక్కర్లేదు."

బండి చప్పుడు దూరమయ్యేదాకా మోహనకృష్ణ గడపలోనే నిలబడ్డాడు. మూడేళ్లుగా పేడా ఆకూ మోసి మెత్తబరచిన నేల. ఇప్పుడు గుప్పెడు మట్టి తీస్తే రెండు వానపాములు చేతికొస్తున్నాయి. నీలగిరి వేళ్లు దిగితే ఇక ఆ మట్టి మళ్లీ మట్టి కాదు. మామయ్యతో ఈ మాట చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. అనుకోవడం దగ్గరే ఆగాడు.

ముందు బొమ్మ. రెండు వెదుళ్లు అడ్డంగా కట్టి గడ్డి చుట్టాడు. సున్నం పూసిన కుండ తలగా పెట్టాడు. బట్టల కోసం పాత గుడ్డల మూట విప్పాడు. పంటకు పోసే జీవామృతం వడకట్టడానికి పనికొస్తాయని చీపురుపల్లి నుంచి జ్ఞానాంబగారు పంపిన మూట అది. అన్నిటికన్నా పైన ఒక పొందూరు ఖద్దరు లాల్చీ ఉంది. జేబు మీద సిరా మరక, మోచేతి దగ్గర కంటికి ఆనని సన్నని కుట్టు. అంత నున్నటి నూలును పేడనీళ్లలో ముంచడానికి అతనికి చెయ్యి రాలేదు. లాల్చీని గడ్డికి తొడిగి, మూటలోనే దొరికిన కండువా భుజాన వేసి, నెత్తిన తాటాకు టోపీ పెట్టి, నారుమడి నడుమ బొమ్మను పాతాడు. గట్టెక్కి వెనక్కి తిరిగి చూశాడు.

నారుమడిలో భావనారాయణ మాస్టారు నిలబడి ఉన్నారు.

రిటైరైన తెలుగు మాస్టారు ఆయన, జ్ఞానాంబగారి భర్త. అదే లాల్చీ, అదే కండువా, కాస్త ఎడమకు ఒరిగిన అదే భుజం. తేడా ఒక్కటే. మాస్టారు ఇంతసేపు మాట్లాడకుండా ఉండరు.

పరుగున వెళ్లి టోపీ అయినా మారుద్దామనుకున్నాడు. అంతలో గేటు దగ్గర వ్యాను హారను మోగింది.

విజయనగరం వ్యాను లోంచి ముందుగా దిగింది పద్మకుమారి. సభ్యుల వాట్సాప్ గ్రూపు నడిపేది ఆవిడే. బ్యాంకులో కౌంటరు వెనక కూర్చునే అలవాటు వల్ల కాబోలు, ఎదుటివాడు నోరు తెరిచేలోగా అతనికి ఏం కావాలో ఆవిడే చెప్పేస్తుంది.

"అదిగో, మాస్టారు అప్పుడే మడిలో దిగిపోయారే! మనం గొడుగులు విప్పలేదింకా. సిగ్గుండాలి మనకి. నమస్కారం మాస్టారూ!"

నారుమడి నుంచి జవాబు రాలేదు.

"అది... మరేమోనండి..." అన్నాడు మోహనకృష్ణ.

"మౌనమా? ఆదివారం మౌనం పట్టారా ఏంటి?"

"కాదండి. అసలు ఆయన..."

"ఆ చేతులు చూడు బాబూ. అలా బారచాపి వానలో ఎవరైనా ఊరికే నిలబడతారా?" పద్మకుమారి గొంతు తగ్గించింది. తగ్గించిన ఆ గొంతు వ్యానులో చివరి సీటు దాకా వినిపించింది. "బుధవారం గ్రూపులో ఏం పెట్టారో గుర్తుందా? 'ఐదో వారం కూడా ఆనపకాయేనా?' అన్నారు. నేను నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఛ! పెద్దాయన మనసులో ఎంత పెట్టుకున్నారో. ఇది దీక్ష!"

దీక్ష అన్న మాట పడగానే పదిహేనుమంది ఒక్కసారి మడి వైపు చూశారు. నిజం చెప్పడానికి అదే ఆఖరి అదను. మోహనకృష్ణ నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఆ పదిహేనుమందిలో ఒకాయన బూట్లు విప్పి, పంట్లాము మడుచుకుని, "పెద్దాయన ఒక్కరే నిలబడితే మనం చూస్తామా?" అంటూ నాట్లకు దున్నిన పక్క మడిలో కాలు పెట్టాడు.

ఒక్కడైనా కాలు పెట్టాలి. మామయ్య అడిగింది అంతే కదా? మోహనకృష్ణ తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ తరువాత అతని చేతిలో ఏదీ లేదు. పద్మకుమారి దూరం నుంచి ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. "మన మాస్టారు తెల్లవారుజాము నుంచి వానలో" అని కింద రాసింది. వాన సాకుగా ఇళ్లలో దుప్పటి కప్పుకున్న సభ్యులంతా లేచి కూర్చున్నారు. రాజాం నుంచి రెండు ఆటోలు వచ్చాయి. చీపురుపల్లి నుంచి మోటారు సైకిళ్లు వచ్చాయి. ఆనపకాయ అంటే నిజంగా ఇష్టమున్నవాళ్లు కూడా, ఆ సంగతి బయటపెట్టకుండా, మడిలో దిగి నిలబడ్డారు. మాస్టారి దీక్షకు భంగం కలగకూడదని పద్మకుమారి నారుమడి దరిదాపులకు ఎవరినీ పోనివ్వలేదు. మోకాలి లోతు బురదలో ముప్పైమంది, చేసే పనేమీ లేక, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

నోటితో ఏమీ చెప్పలేని మోహనకృష్ణ చేతికి అందింది చేశాడు. మొదటి విడత నారుకట్టలు తెచ్చి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టాడు. ఊరికే నిలబడ్డ చేతులు ఊరికే ఉండలేక నాటడం మొదలుపెట్టాయి. ఉభాల పనికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద విరగబడి నవ్వారు.

"బాబూ, ఏళ్లతో నొక్కాల. కాలితో తొక్కీకు!"

"ఓలమ్మో, తల్లకిందలుగా ఎట్టేస్తన్నాడే!"

"ఇటు రా మావా, నాను సూపిస్తాను!"

నవ్వుతూనే వాళ్లూ దిగారు. వంగిన నడుములు లేవలేదు. పదకొండు దాటేసరికి అరెకరం పచ్చబడింది. మోహనకృష్ణ మాత్రం గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి, కాలు నిలవక తిరుగుతున్నాడు. గాలి వీచినప్పుడల్లా బొమ్మ టోపీ కాస్త లేస్తోంది. అతని ప్రాణమూ దానితోపాటు లేస్తోంది.

గణపతిరావు బండి అప్పుడే వచ్చింది. వెనక సీటులో ఒడిలో విస్తరాకుల కట్ట, చంకలో కాగితాల సంచితో ఏజెంటు కూర్చుని ఉన్నాడు. గేటులోనే బండి ఆగిపోయింది.

"ఏటిరా ఇది?" అన్నాడు గణపతిరావు.

మోహనకృష్ణ కన్నా ముందు ఏజెంటు అందుకున్నాడు. "దీచ్చలాగున్నాదండీ. అదిగో, నడుమ పెద్దాయన సేతులు సాపుకొని నిలబడ్డారు. నాను నీలగిరి తెస్తన్నానని వీళ్లకెవలు సెప్పారు?"

"నాను సెప్పలేదు."

"మరి ఇంతమంది ఇందుకు కాకపోతే ఎందుకు దిగుతారు? కిందటి నెల్లో ఒక ఊల్లో ఇలాగే అడ్డంగా నిలబడి నా మొక్కలన్నీ ఎనక్కి పంపేశారు. నాకు ముందే సెప్పాలి కదండీ గణపతిరావుగారూ!" విస్తరాకుల కట్ట సీటు మీద పెట్టి, దిగి, రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

గణపతిరావు ఆటో వైపు చూడలేదు. మడిలోని నడుముల వైపు చూస్తున్నాడు. నేల మీద ఇంత ప్రేమ లోపల పెట్టుకుని, పైకి చెప్పకుండా ఏడాదంతా ఊరుకున్న మనుషుల్ని చూస్తున్నాననుకున్నాడు. కండువాతో కళ్లు ఒత్తుకుని, "బతికుండగా ఈ మడిలో ఇంకోటి నాటనురా," అన్నాడు. మోహనకృష్ణ తల వంచుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఏం మిగులుతుందో అతనికి తెలియలేదు.

ఆ సమయంలో మరో ఆటో ఆగింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఫ్లాస్కు, చంకలో పొడి పంచెతో జ్ఞానాంబగారు దిగారు. ఫొటో ఆవిడ దాకా వెళ్లింది.

సంప్రదాయం తెలిసిన కుటుంబంలో పుట్టి, అటువంటి ఇంటికే కోడలైన మనిషి ఆవిడ. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో భర్త పేరు ఒక్కనాడూ నోట పలకలేదు. సభ్యత్వం రాసుకోవడానికి మోహనకృష్ణ వెళ్లి పేరు అడిగినప్పుడు కూడా గేటుకున్న బోర్డు వైపు వేలు చూపించి ఊరుకున్నారు.

జారుతూ, తమాయించుకుంటూ, గట్టు మీదుగా వచ్చి గొంతెత్తి పిలిచారు.

"ఏమండీ!"

మడిలో ఉన్న ఆరుగురు మగవాళ్లు నడుములెత్తి చూశారు. నారుమడిలో చూడవలసిన మనిషి చూడలేదు.

"ఏమండోయ్, మిమ్మల్నే! ఇంక ఇంట్లో ఆనపకాయ వండితే ఒట్టు! పులుసు మానేశాను, పచ్చడి మానేశాను. బయటికి రండి. మీ ఛాతీకి ఈ వాన పడదు!"

"అలా పిలిస్తే కదలరమ్మా, దీక్షలో ఉన్నారు," అంది పద్మకుమారి. "పేరు పెట్టి పిలవండి."

జ్ఞానాంబగారు నాలుక కరుచుకున్నారు. "రామ రామ! అదేం మాటమ్మా?" అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గొడుగు పక్కన పడేసి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, నారుమడిలోకి దిగబోయారు.

అక్కడ మోహనకృష్ణ సిగ్గు తెగిపోయింది.

"దిగకండమ్మా! అది మాస్టారు కాదు! గడ్డిబొమ్మ! పిట్టల కోసం పొద్దున నేనే కట్టాను! లాల్చీ మాత్రం ఆయనదే!"

పుట్టి బుద్ధెరిగాక అతను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. ముప్పైమంది చేతుల్లో నారు అలాగే నిలిచిపోయింది. జ్ఞానాంబగారు ఆగకుండా మడిలో నాలుగడుగులు వేసి, చెయ్యి చాచి లాల్చీ మోచేతిని పట్టుకున్నారు. అందులోంచి గడ్డి వచ్చింది. కుట్టు మాత్రం ఆవిడ కుట్టినదే.

"ఈ లాల్చీ కనబడకే కదా పొద్దున ఇల్లంతా తిరగేశారు! చొక్కా వేసుకుని ఆరింటికే ఇక్కడికని బయలుదేరారు. ఫొటోలో చూసి లాల్చీ దొరికిందనుకున్నాను. అయితే ఆయనేరీ?"

గణపతిరావు నుయ్యి వైపు పరుగెత్తాడు. పద్మకుమారి పోలీసులకు చెయ్యాలా, ఆసుపత్రికి చెయ్యాలా అని ఫోను పట్టుకుని గట్టు మీదే గిరగిరా తిరిగింది. మోహనకృష్ణ పశువుల పాక వెనక్కి పరుగెత్తాడు. అతని వెనక జ్ఞానాంబగారు, ఆవిడ వెనక బురద కాళ్లతో ముప్పైమంది.

పశువుల పాక దాటితే వంటపాక. పొద్దుటి నుంచి అక్కడ అందరికీ భోజనాలు వండుతున్నది దేముడమ్మ. లోపలి నుంచి నువ్వుపిండి, బెల్లం కలిసి ఉడికిన వాసన. దానితోపాటు మాటలు.

"సాలు మేస్టారూ, నాలుగోపాలి ఏస్తన్నాను. అందరికీ ఉంచాల కదా!"

"ఒక్క గరిటె. ఆనపకాయ మాన్పించమని తోటవాళ్లతో పోట్లాడడానికి వెనక దారిన వచ్చినవాణ్ని, ఏడింటి నుంచి ఇక్కడే కూలబడిపోయాను. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను తింటున్నది అసలు ఆనపకాయే కాదు దేముడమ్మా! ఈ సంగతి మాత్రం మా ఇంట్లో..."

తడక తలుపు తెరుచుకుంది.

పీట మీద, అరిటాకు ముందు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయిన మాస్టారిని జ్ఞానాంబగారు తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశారు. చేతిలోని ఫ్లాస్కును పక్కనున్న మోహనకృష్ణకు ఇచ్చారు. కొంగు నడుముకు బిగించారు. నారుమడిలో పిచ్చుకలన్నీ ఒక్కసారిగా లేచిపోయేంత స్పష్టంగా, అక్షరమైనా తడబడకుండా పిలిచారు:

"భావనారాయణా!"