ఛార్జింగ్ అయిపోయిన ఆదివారం

నలుగురిలో కూర్చుని ఫోన్ చూసుకునేవాడికి మర్యాద తెలీదంటారు. తప్పండీ! ఎదుటివాడి మాటకు అడ్డం రాకుండా, ఎదురు చెప్పకుండా, ఏమన్నా "ఊఁ" అనేవాడికన్నా మర్యాదస్తుడు ఎవరు చెప్పండి?

నా సంగతే తీసుకోండి. పేరు యేసుకుమార్. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హారన్ల కొట్టు నాది. రోజంతా ఆ మోత విన్నవాడికి ఫోన్‌ని మించిన విశ్రాంతి ఏముంది? అది చేతికొచ్చాక మా ఆవిడ తెరేసమ్మకూ నాకూ గొడవన్నదే లేదు! గొడవ పడాలంటే ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు వినాలి కదా. మా మామగారు తన మోకాలి నొప్పి గురించి గంటసేపు చెప్పినా, మధ్యలో ఒక్క సలహా ఇచ్చిన పాపాన పోలేదు. ఇలాంటి అల్లుడు ఈ రోజుల్లో దొరుకుతాడా?

అంతటి నాకు మొన్న ఆదివారం ఆపదొచ్చింది. మా మరదలు బ్లెస్సీ కంకిపాడులో కొత్తిల్లు కట్టుకుని భోజనాలకు పిలిచింది. ప్రార్థన అయింది. బంతిలో కూర్చున్నాం. కుడిచేతిలో గోంగూర ముద్ద, ఎడంచేతిలో ఫోన్. ఉన్నట్టుండి అది నల్లబడి ప్రాణం విడిచింది.

"ఛార్జర్ ఉందా డేనియల్?" అన్నాను మా తోడల్లుడితో.

"ఉంది గానీ అన్నయ్యా, మీ ఫోన్‌కి ఆ పిన్ను పట్టదు" అన్నాడు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టర్‌లా.

గత్యంతరం లేక తలెత్తాను.

ఎంతమంది మనుషులండీ! డేనియల్‌కి మీసం లేదు. ఎప్పుడు తీసేశాడో! మామగారి పక్కన చేతికర్ర ఉంది. అంటే ఆ నొప్పి నిజమేనన్నమాట! ఎదుటి వరసలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర వడ్డిస్తోంది. ఎవరో పెద్దమనిషి తరహా, పాపం కాస్త అలిసినట్టుంది అనుకున్నాను. తీరా చూస్తే మా ఆవిడే!

"నీకు కళ్ళజోడెప్పుడొచ్చింది?" అనేశాను.

బంతి బంతంతా నా వైపు తిరిగింది.

"క్రిస్మస్ ముందు" అంది తెరేసమ్మ నెమ్మదిగా. "షాపుకి బండి మీద తీసుకెళ్ళింది మీరే. ఈ ఫ్రేమ్ తీసుకోనా అంటే ఊఁ అన్నారు."

బ్లెస్సీ ఫక్కున నవ్వింది. "ఇంకా నయం బావగారూ, అక్క పేరేంటని అడగలేదు!"

అందరూ నవ్వారు. సిగ్గు కప్పుకోవడానికి నేనూ నవ్వాను. తెరేసమ్మ మాత్రం నవ్వలేదు. కూర గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెయ్యి కడుక్కుని వెనకాలే వెళ్ళాను. కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు సర్దుతోంది. ఆ నల్ల ఫ్రేమ్ తనకి ఎంత బాగుందో! చెబుదామని నోరు తెరిచాను. ఏళ్ళ తరబడి "ఊఁ" తప్ప వేరే మాటెరగని నోరు కదండీ, ఎక్కడ మొదలెట్టాలో దానికి తెలీలేదు. అలా చూస్తూ నిలబడిపోయాను.

తెరేసమ్మ ఇటు తిరిగింది. నన్ను చూసి కంగారు పడి, పైటచెంగుతో గబగబా మొహం తుడుచుకుంది.

"ఏంటండీ అలా చూస్తున్నారు? మొహానికి ఏమన్నా అంటిందా?"

ఏమీ అంటలేదన్నాను. నమ్మలేదు. పక్కగదిలోకి వెళ్ళి అద్దంలో చూసుకుని వచ్చింది.