మంత్రిగారి చెట్టు పక్క ఇల్లు

నగర సౌందర్య శాఖామాత్యులు పేదవాడి ఇంటినీ పాత చెట్టునూ ఒకే కంటితో చూస్తారని సూరత్‌లోని పాండేసర పేట బహిరంగ సభలో ప్రకటన వెలువడింది. ప్రకటించింది వారే. ఆ సభలో వారి హిందీని తెలుగులోకి మార్చి చెప్పే భాగ్యం, ఇక్కడి తెలుగు సంఘం కార్యదర్శిగా, నాకు దక్కింది. కనుక తర్వాతి చారిత్రక ఘట్టాలన్నీ దగ్గరుండి చూశాను. పాఠకులకు వాటిని తెలియజేయకపోతే నాకు నిద్ర పట్టదు.

సూరత్‌కు ప్లేగు వచ్చిపోయిన మరుసటి సంవత్సరం అది. ఊరంతా శుభ్రం చేస్తున్నారు. ముందు చెత్త ఎత్తారు, చెత్త అయిపోయాక రోడ్డుకు అడ్డమున్న ఇళ్ల మీద పడ్డారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజమల్లు ఇల్లు రోడ్డుకు సరిగ్గా అడ్డం. పైన రేకులు, పక్కన రేకులు, ఒక మూల గుంజకు బదులు కాగితపూల చెట్టు. ఎప్పుడో మూతపడ్డ మిల్లువాళ్లు గేటు పక్కన అందానికి పెట్టుకున్న పొద అది. మిల్లు పోయింది, గేటు పోయింది, పొద మాత్రం తొడంత మొదలు వేసుకుని మిగిలింది. రాజమల్లు తన రేకుల్ని దానికే తీగతో బిగించాడు. ఊరు వదిలి వచ్చిన నాటి నుంచి మొగుడూ పెళ్లాల కాపురం అందులోనే. అది పోతే వాళ్లకు ఇంకో చోటు లేదు.

బుల్‌డోజర్‌తో పాటు మంత్రిగారు కూడా వేంచేశారు. రాజమల్లు భార్య భూదేవి గుమ్మానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ జోడించింది. మంత్రిగారు చెయ్యెత్తారు. బుల్‌డోజర్ ఆగింది. పేదల మొర ఆలకించే నాయకుణ్ణి కళ్లారా చూశానని నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

"వాహ్! ఎంత ముసలిది! ఎంత వంకర నడుము!" అన్నారు మంత్రిగారు.

"నేనేమంత ముసల్దాన్ని గాదు సారూ" అంది భూదేవి నొచ్చుకుని.

మంత్రిగారు ఆమెను దాటి వెళ్లి కాగితపూల చెట్టును కౌగిలించుకోబోయి, ముళ్లు చూసి ఆగారు. వారికి బొన్సాయ్ అంటే ప్రాణం. పెద్ద చెట్టును పళ్లెంలో పట్టేటంత చేసి పెంచే జపాన్ విద్య అది. పెద్దవాటిని చిన్నవి చేయడం వారికి శాఖ పథకాల వల్ల ముందే అలవాటు.

"ఇప్పుడే పీకించు" అన్నారు గార్డెన్ ఆఫీసర్ త్రివేదితో.

త్రివేది మోకాళ్ల మీద కూర్చుని మొదలు తట్టి చూశాడు. "ఒక్కసారిగా పీకితే చస్తుంది సర్. ఈ ఏడు ఒక పక్క వేళ్లు కోసి మట్టి కప్పాలి. సన్నవేళ్లు పుట్టాక వచ్చే ఏడు రెండో పక్క. ఆ తర్వాతే పైకి తియ్యాలి. అప్పటిదాకా చుట్టూ నేల కదలకూడదు."

"మరి ఈ ఇల్లు?"

"ఇల్లు కదిలిస్తే నేల కదులుతుంది సర్."

ఆ సాయంత్రమే బోర్డు వెలిసింది. 'ఇది మంత్రిగారి చెట్టు. దీనినిగానీ, దీని పక్కనున్న ఇంటినిగానీ ఎవరూ కూల్చరాదు.' గుజరాతీలో ఉన్నదాన్ని నేను చదివి చెబితే రాజమల్లు మళ్లీ చదవమన్నాడు.

మేకలు రాకుండా ఒక కానిస్టేబుల్‌ను వేశారు. వేళ్లు ఎండకుండా టాంకర్ వేశారు. చెట్టు తాగగా మిగిలిన నీళ్లు భూదేవి బిందెలో పట్టుకునేది. కానిస్టేబుల్‌కు చాయ్ ఇచ్చేది. ఇదంతా చూసి పక్కింటి సోమలింగం విరిగిన సాంచా బీము తెచ్చి గుమ్మం ముందు పాతి, దానికి నిజంగానే కాగితంతో చేసిన పూలు కట్టాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అరుదైన జాతి, పరిశీలనలో ఉంచవలెను" అని రిపోర్టు రాశాడు. సోమలింగం ఇల్లు ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

రెండో ఏడు రెండో పక్క వేళ్లు కూడా కోశారు. త్రివేది మట్టి తవ్వి చూసి, తెల్లటి సన్నవేళ్లు కనపడేసరికి పిల్లవాడు పుట్టినంత సంబరపడ్డాడు. రాజమల్లు ముఖం మాడిపోయింది.

"చెట్టు తయారైనంక మనం ఖతమేనే" అన్నాడు పెళ్లాంతో.

"జర ఆగు, నేను జెప్త" అని భూదేవి త్రివేది ముందుకు వెళ్లింది. "సాబ్, గీ పెద్ద కొమ్మ దక్షిణం దిక్కు వొయ్యింది. మంత్రి సారుకు అచ్చొస్తదా మరి? ఆయన కుర్సీ సంగతి నాకెందుకు గానీ, ఎందుకైనా మంచిదని జెప్తున్న."

అదే వారం మంత్రిగారి శాఖలో సగం కోసి వేరొకరికి ఇచ్చారు. త్రివేది నోట ఆ మాట విన్న మంత్రిగారు బెంబేలెత్తి, ముందు కొమ్మను తూర్పుకు తిప్పమన్నారు. దానికి తీగ చుట్టి, రోజూ ఇంత ఇంత వంచుకుంటూ వచ్చేసరికి మరో ఏడు గడిచింది. తిరిగిన కొమ్మ విరగబూసింది.

"గీ పూల రంగు మంత్రి సారుకు ఎదురు పార్టోళ్ల జెండా రంగే గద సాబ్?" అంది భూదేవి.

ఇంకో ఏడు దొరుకుతుందని ఆమె ఆశ. కానీ పరిపాలన అంత మందకొడిది కాదు. రోజూ పొద్దున్నే పూలన్నీ తెంపేయాలని కానిస్టేబుల్‌కు ఆర్డర్ అందింది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ప్రజలకు ఏదో ఒకటి చేసి చూపించాలి కదా. చెట్టును పైకెత్తే మహోత్సవానికి షామియానా, బ్యాండు, క్రేన్ వచ్చాయి. రంపంతో పై కొమ్మలన్నీ కోసేశాక చెట్టు గుండు చేయించుకున్నట్టు నిలబడింది. వేళ్ల ముద్దను తడి గోనెపట్టాల్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టారు. అప్పుడు భూదేవి నేరుగా మైకు దగ్గరికి వచ్చింది.

"చెట్టు పోతే మా ఇల్లెట్ల సారూ? మాకు గదొక్కటే ఉన్నది."

నేను అనువదించాను. మంత్రిగారు చలించిపోయారు. "చెల్లెమ్మా, ఈ చెట్టు ఎక్కడుంటే నీ ఇల్లు దాని పక్కనే ఉంటుంది. ఇది నా మాట" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రాజమల్లు అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

క్రేన్ లేపింది. తీగలు విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. చెట్టుతో పాటు రేకులు, రేకులతో పాటు దండెం మీది రాజమల్లు లుంగీ కూడా ఆకాశానికి లేచాయి. బ్యాండువాళ్లు ఉత్సాహం పట్టలేక ఇంకో పాట ఎత్తుకున్నారు. మిగిలిన రేకుల గోడ, బుల్‌డోజర్ ఊరికే అలా ఆనుకోగానే పడిపోయింది. సామాను మూట కట్టుకుని ఆ దంపతులు ఊరి చివర ఉన్ అనే పేటలో బంధువుల గదిలో, గుమ్మం దగ్గర, తాత్కాలికంగా సర్దుకున్నారు. మంత్రిగారి మాట ఉంది కాబట్టి నేను దిగులుపడలేదు.

మంత్రిగారు గెలిచారు. వర్షాలు వెళ్లాక పుష్ప ప్రదర్శనలో వారి బొన్సాయ్‌కి ప్రథమ బహుమతి వచ్చింది. రాజమల్లు దంపతులకు ముఖ్య అతిథులుగా ఆహ్వానం. ఉతికిన బట్టలు కట్టుకుని, బస్సు పట్టుకుని, ఇంటి తాళంచెవి ఇస్తారేమోనని, దాన్ని ముడి వేసుకోవడానికి కొత్త కర్చీఫ్ కూడా తెచ్చుకున్నారు.

పళ్లెంలో చెట్టు చిగురించి కళకళలాడుతోంది. దాని మొదట్లో బొటనవేలంత మట్టి ఇల్లు. పైన నీలం రేకులు, పక్కన నీలం రేకులు. గుమ్మం ముందు గింజంత మొగుడు, గింజంత పెళ్లాం.

"చూశారా, మాట తప్పానా?" అన్నారు మంత్రిగారు. ఫోటోగ్రాఫర్లు ఎగబడ్డారు.

రాజమల్లు వంగి చూశాడు. "రేకులు మనయి లెక్కనే ఉన్నయే" అన్నాడు మెల్లగా.

"గా బయట నిలవడ్డది నేనేనా సారూ?" అంది భూదేవి. "మరి లోపటికి ఎందుకు పోతలేను?"

త్రివేది నీళ్లు నమిలాడు. "తలుపును రంగుతో గీశామంతేనమ్మా. తెరుచుకోదు."

అప్పుడే చెట్టుకు నీళ్లు చిలకరించారు. ఇంటి మీద కూడా పడ్డాయి. రాజమల్లు గబుక్కున ఆ రేకుల మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోకూడదు" అన్నాడు కానిస్టేబుల్. భూదేవి ఇచ్చిన చాయ్ తాగిన కానిస్టేబులే. రాజమల్లు చెయ్యి తీసేశాడు.

ఇంటి ముందు అగ్గిపుల్లకు అంటించిన చిన్న బోర్డొకటి ఉంది. అదేమిటో చదవమంది భూదేవి. నేను కళ్లద్దాలు తుడుచుకుని అందరికీ వినపడేలా చదివాను.

"ఇది మంత్రిగారి చెట్టు. దీనినిగానీ, దీని పక్కనున్న ఇంటినిగానీ ఎవరూ కూల్చరాదు."

"గట్లనా" అంది భూదేవి. కర్చీఫ్ మడిచి రొంటిన దోపుకుంది. "అయితే ఇగ మాకు రంది లేదు తియ్."

మంత్రిగారు అర్థమేమిటని నన్ను అడిగారు. అనువదించాను. చాలా సంతోషించారు.