కండ్లు మూసుకుంటే కల్వర్టు

వికారాబాద్ జిల్లాలో ఇకపై రోడ్లు, మోరీలు, కల్వర్టులు పాడుకావనీ, పాడయ్యేవి మన ఆలోచనలు మాత్రమేననీ మనోవికాస కార్పొరేషన్ చైర్మన్ చంద్రకాంత్ గారు ప్రకటించారు. అనంతగిరిలో ఒక రిసార్టులో మూడు రోజులు మౌనంగా కూర్చుంటే ఆయనకు తెలిసిన సత్యమిది. ఆ మౌనం గురించి ప్రెస్‌మీట్ రెండు గంటలు సాగింది.

నేను ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. సోమవారం సోమవారం వచ్చే అర్జీలను పోర్టల్‌లో ఎక్కించడం నా పని. ఇంత గొప్ప మార్పును ఇంత దగ్గర్నుంచి చూసే అదృష్టం మా బీటెక్ బ్యాచ్‌లో ఇంకెవరికీ దక్కలేదు. వాళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

కొత్త పద్ధతిలో మొదటి అర్జీ భీమమ్మది. తాండూరు అవతల, నాపరాయి గనుల పక్క ఊరు.

"వాగు మీది కల్వర్టు కొట్టుకపోయింది సారూ. మా కోడలు నిరోషాకు నెలలు నిండుతున్నయి. 108 బండి వాగు కాడనే ఆగుతది. నొప్పులొస్తే ఎట్ల?"

"కండ్లు మూసుకో అమ్మా. కల్వర్టు కనబడుతుందా?" అన్నారు చైర్మన్ సార్.

"లేదు సారూ."

"పాజిటివ్‌గ చూడు."

"చీకటి గొడ్తుంది సారూ."

"ఇంకోసారి."

తాండూరు రైలుకు ఇంకా పావుగంటే ఉంది. "ఆ, కనబడ్డది సారూ. మస్తు పెద్దగున్నది" అంది భీమమ్మ, సంచి చంకన పెట్టుకుంటూ.

సార్ నావైపు తిరిగారు. "లబ్ధిదారు కల్వర్టును చూసింది. క్లోజ్ చెయ్యమ్మా." చేశాను. పోర్టల్‌లో పచ్చరంగు వచ్చింది.

మరుసటి సోమవారం మళ్లీ వచ్చింది. "బిడ్డా, నా కాయితం ఏమాయె?"

"పరిష్కారమైంది పెద్దమ్మా."

"ఏడ?"

సార్ స్వయంగా వచ్చి రెండో లెవెల్ వివరించారు. ఇంకా రాని కల్వర్టుకు ఇరవై ఒక్కసార్లు కృతజ్ఞతలు రాయాలి. భీమమ్మకు రాయడం రాదు. ఇరవై ఒక్క వేలిముద్రలు వేసింది. సార్ ఆ కాగితానికి ఫ్రేము కట్టించారు.

"ఊర్ల బండలు గుట్టలు గుట్టలు పడున్నయి సారూ. ఒక్కపూట జేసీబీ ఇప్పియ్యున్రి, మేమే ఏసుకుంటం."

"గదే నీ సమస్య అమ్మా. ఎంటనే చెయ్యాలనుకుంటవు. ముందుగాల లోపల రెడీ కావాలె."

భీమమ్మ వెళ్తూ నా టేబుల్ దగ్గర ఆగింది. "బిడ్డా, సోమవారం రాకుంటే ఏమన్నంటరా?"

"ఏమనరు పెద్దమ్మా."

ఆ ఒక్క అర్జీకి మాత్రం అప్పటికప్పుడు జవాబు దొరికింది.

మూడు సోమవారాలు ఆమె రాలేదు. "చూసినవా, మనసు కుదుటపడ్డది" అని సార్ పొంగిపోయారు. విజయగాథ వీడియో తీయడానికి రెండు కార్లలో, కెమెరాతో సహా ఆ ఊరికి బయల్దేరాం.

వాగులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా బండలు పేర్చి ఉన్నాయి. నడుమ ఒక్క బండంత సందు మిగిలింది. భీమమ్మ, ఆమె కొడుకు పాండు మోకాళ్ల లోతు బురదలో ఉన్నారు.

"సోమవారాలు మిగిలినయి గద సారూ" అంది భీమమ్మ.

అప్పుడే మా కార్ల వెనక సైరన్ మోగింది. నిరోషాకు తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయట.

"ఒక్క బండనే సార్, ఎత్తుతందుకు మేం చాలుతలేం. జర చెయ్యేయున్రి!" అన్నాడు పాండు.

సార్ చెయ్యెత్తారు. అందరినీ నిశ్శబ్దంగా ఉండమని. "పరేషాన్‌ల ఎత్తితే బండ ఇంకింత బరువైతది. అందరు ఒక్క నిమిషం కండ్లు మూసుకోన్రి. బండ పడ్డట్టు చూడున్రి."

ఆయన మూసుకున్నారు. డ్రైవర్లు మూసుకున్నారు. కెమెరామన్ కెమెరా ఆన్‌లో పెట్టడం మరిచిపోయి మరీ మూసుకున్నాడు. సార్ నిమిషాలు పెద్దవి. పక్కనుంచి సైరన్ దాటిపోయినా ఆయన ఏకాగ్రత చెదరలేదు.

సార్ కళ్లు తెరిచేసరికి సందులో బండ ఉంది. 108 బండి అవతలి ఒడ్డు ఎక్కుతోంది.

"చూసిన్రా!" సార్ రెండు చేతులూ ఆకాశానికెత్తారు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. సార్ నావైపు తిరిగారు. "అమ్మా, ఎవరెవరు కండ్లు మూసుకున్నరో పేర్లు రాసుకో."

పెన్ను తీశాను. జారి కిందపడింది.

సార్ నా చేతులు చూశారు. మోచేతుల దాకా బురద. జాలిగా నిట్టూర్చారు.

"నువ్వింక మొదటి లెవెల్‌ల్నే ఉన్నవమ్మా."