మలుపు గంగమ్మకు కారు పెట్టిన దండం

శుక్రవారం పొద్దున ముకుందం పథకం ఏమంత గొప్పది కాదు. రెండు ఇడ్లీలు తిని, బీపీ మాత్ర వేసుకుని, కారు తీసి తిరుపతి నుంచి నగరికి పోవడం. అక్కడ అక్క కల్యాణవల్లి చేతి పులిహోర తిని, ఎండ తగ్గాక తిరిగి రావడం. కల్యాణవల్లి చెవులు ఫోనుకు లొంగవు. ఎదురుగా కూర్చుని నోరు తెరిచి మాట్లాడితేనే ఆమెకు వినిపిస్తుంది. దేవస్థానం ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, మూడేళ్ల కిందట భార్యను పోగొట్టుకున్న ముకుందాన్ని "ఒరే ముకుందూ" అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే మిగిలింది. వారం వారం ప్రయాణం ఆ పిలుపు కోసమే.

కారులో ఆయనకు నచ్చినది క్రూజ్ కంట్రోల్. స్టీరింగు మీద బటన్ నొక్కి కాలు తీసేసినా బండి అరవై మీద నిలకడగా పోతుంది. బ్రేకు తగిలితే మానుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇది దేవుడు చేసిన ఉపకారమని ఆయన నమ్మకం. నెల కిందట ఈ కారు కొనిచ్చిన కూతురు వేదిక మాత్రం ఉపకారం చేసినదెవరో అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది.

ఆ శుక్రవారం వేదిక కూడా పక్కన కూర్చుంది. వడమాలపేట దాటాక రోడ్డు మలుపు తిరిగేచోట లారీ క్యాబిన్ అంత గుడి ఒకటుంది. అందులో మలుపు గంగమ్మ. ఊళ్లు దాటి క్రూజ్ వేశాక దారిలో ఎదురయ్యే గుడి ఇదొక్కటే. స్కూటరు రోజుల్లో ఏ గుడి ఎదురైనా భార్య ఆండాళ్లు వెనక సీట్లోంచి భుజం మీద తట్టేది. ఇప్పుడు తట్టేవాళ్లు లేకపోయినా ముకుందం గుడిని మరిచిపోడు. గంగమ్మను చూసి తల వంచాడు. టింగుమని చప్పుడైంది. క్రూజ్ ఆరిపోయింది. కారు డీలాపడింది. వెనకున్న లారీ పెద్దగా అరిచింది.

"ఏమైంది నాయనా?"

"ఏమీ లేదమ్మా. ఈడకొస్తే ఇట్లనే అయితాది. నెల నుంచీ ఇదే వరస."

ఆ మాట నోరు జారి వచ్చింది. వేదిక బ్యాంకు మేనేజరు. నోరు జారినవారిని ఆమె అంత సులభంగా వదలదు.

"నెల నుంచా! ఎనక లారీవాడు గుద్దింటే? ఇంగ రెండు వారాలు టైమిస్తాండా. అప్పటికీ బాగుపడలేదంటే తాళాలు నాకిచ్చేసేయ్. కారు అమ్మేస్తాం. అత్తను చూడాలంటే నాకు సెలవు దొరికినప్పుడు పోదాం."

వేదికకు సెలవు దొరకడం ఎంత అరుదో ముకుందానికి తెలుసు. మరునాడే కారును సర్వీసు సెంటరుకు తోలుకుపోయాడు.

అక్కడ గిరిప్రసాద్ అనే కుర్ర ఇంజనీరు కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, డాక్టరు నాడి చూసినట్టు మొహం పెట్టాడు.

"బ్రేకు తగిలిందని బండి అనుకుంటా ఉండాది సార్. అందుకే క్రూజ్ వదిలేస్తాది."

"నేను బ్రేకు తొక్కలేదే!"

"మీరు తొక్కలా సార్. పెడల్ కాడ ఉండే స్విచ్చి అబద్ధం చెప్తా ఉండాది."

అబద్ధాలాడే స్విచ్చిని తీసేసి, నిజాయితీ గల కొత్తది వేశారు. ముకుందం పనిగట్టుకుని మలుపు దాకా పోయి చూశాడు. టింగుమంది. ఈసారి సాఫ్ట్‌వేరు మార్చారు. మళ్లీ టింగుమంది.

"ఫాల్టే కనబడలా సార్. బండి బాగుండాదని చెప్తాది కంప్యూటరు."

"అయితే నాలో ఉండాదా అప్పా ఫాల్టు?"

"మనుషుల్ని చెక్ చేసే ఆప్షను దీంట్లో లేదు సార్," అన్నాడు గిరిప్రసాద్ సీరియస్‌గా.

చివరికి గిరిప్రసాద్ తనే బయల్దేరాడు. మొదట బూట్లు బిగించుకుని తనే నడిపాడు. కారు గంగమ్మ ముందు నుంచి గాలిలా పోయింది. తర్వాత ముకుందం నడిపాడు. గిరిప్రసాద్ పక్కన కూర్చుని డాష్‌బోర్డు నుంచి కళ్లు తిప్పకుండా చూశాడు. టింగుమంది. ఆ ఇంజనీరు మొహంలో నాలుగేళ్ల బీటెక్ ఒక్కసారిగా కరిగిపోవడం ముకుందం కళ్లారా చూశాడు.

"సార్... నేను తోలితే పోయింది. మీరు తోలితే ఆగింది. బండి అదే, రోడ్డు అదే. ఇంగేముండాది సార్ మధ్యలో?" గిరిప్రసాద్ గుడివైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. "అమ్మ మిమ్మల్ని పిలస్తా ఉండాది!"

"పిలిస్తే పిలవనీప్పా. క్రూజ్ ఎందుకు ఆపతాది?"

"ఆపకుంటే మీరు ఆగుతారా సార్?"

మళ్లీ ఒకసారి నడిపించి, గిరిప్రసాద్ ఫోనులో వీడియో తీశాడు. సాయంత్రానికి అది తిరుపతంతా తిరిగింది. మర్నాటికి పుత్తూరు, నగరి దాటి అరవ దేశంలోకి కూడా పోయింది. "భక్తుడి కోసం కారును ఆపిన అమ్మవారు" అని ఎవరో సంగీతం కూడా జోడించారు.

ఆ గుడి ఆలనాపాలనా చూసే చెంగయ్య అప్పటిదాకా శుక్రవారం దీపం పెట్టి, మిగతా రోజుల్లో వేరుశనగ చేను చూసుకునేవాడు. ఇప్పుడు చేను మాట మరిచాడు. గుడికి సున్నం వేయించాడు, మైకు కట్టించాడు. కమిటీ కూడా వెలిసింది. బస్సులు ఆగాయి. నిమ్మకాయల అంగడి, దాని పక్కన టీకొట్టు లేచాయి. ఇవన్నీ గడువు ముగిసే శుక్రవారం లోపలే జరిగిపోయాయి.

ఆ పొద్దున వేదిక తాళాల కోసం చెయ్యి చాపకుండా కారెక్కింది. "చివరి పరీక్ష నాయనా. ఈరోజు కూడా ఆగిందంటే, అమ్మవారు ఆపినా, స్విచ్చి ఆపినా నాకు ఒకటే," అంది.

మలుపు దగ్గర జనం కారును చుట్టుముట్టారు. చెంగయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బానెట్టుకు బొట్టు పెట్టాడు.

"దిగు సామీ! అమ్మను చూసుకోని రా. తర్వాత ఎనక్కి పోయి, అరవైలో వచ్చి జనానికి ఒకసారి చూపీల."

ముకుందం చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. దండం పెట్టుకున్నాడు. ఫలానాది కావాలని అడగడానికి మొహమాటపడి, ఊరికే నిలబడి బయటికొచ్చాడు. చెప్పులు లేవు.

చెంగయ్య మొహం వెలిగిపోయింది. "ఇన్నేళ్లలో ఈడ చెప్పులు పోయిందే లేదు సామీ! దొంగలొచ్చే స్థాయికి ఎదిగినాది మా అమ్మ!" అని మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

ముకుందం ఒట్టికాళ్లతోనే కారెక్కి, వెనక్కి పోయి, తిరిగి వచ్చాడు. అరవై. క్రూజ్ వేశాడు. వేదిక హ్యాండిల్ పట్టుకుంది. గుడి ఎదురైంది. ముకుందం తల వంచాడు.

ఆ క్షణంలో ఆయన కుడికాలు తనంతట తాను చిన్నగా విదిలించుకుంది. విడవడానికి చెప్పు లేక, గాలిలోనే ఆగిపోయింది.

టింగు మనలేదు. కారు గంగమ్మను దాటి, నిమ్మకాయలను దాటి, నోళ్లు తెరిచిన జనాన్ని దాటి వెళ్లిపోయింది.

ముకుందం ఒక్క క్షణం తన ఒట్టికాలి వైపు చూసుకున్నాడు. ఆండాళ్లు భుజం మీద తట్టేది చెప్పులు విడవమనే. స్కూటరు మీద ఉన్నా సరే, గుడి దాటేదాకా కాలికి చెప్పు ఉండకూడదని ఆమె పట్టు. ముప్పై ఏళ్లు తట్టించుకున్న కాలు, తట్టే చెయ్యి పోయినా పని మానలేదు. విదిలించిన చెప్పు ముందంచు ప్రతిసారీ పోయి బ్రేకుకు తగిలేది.

"వేదికా, అసలు సంగతేమంటే..."

"మాట్లాడొద్దు నాయనా!" వేదిక కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉంది. "సర్వీసు సెంటరుకు చేతగానిది తల్లి బాగుచేసింది. తాళాలు నీకాడే పెట్టుకో."

వెనక మైకులో చెంగయ్య గొంతు అప్పటికే సర్దుకుంది. "సూసినారా! భక్తుడు వచ్చి దండం పెట్టినాడు. అమ్మ శాంతించి బండిని వదిలేసినాది!"

ముకుందం నోరు మూసుకున్నాడు. చెప్పితే, తన కాలు ఏం చేస్తోందో తనకే తెలియని మనిషి చేతికి వేదిక తాళాలు ఇవ్వదు. ఒట్టికాళ్లతో నడిపితే ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. నిజం పైకి చెప్పకపోయినా, పాటిస్తే చాలనిపించింది.

నగరిలో కల్యాణవల్లి గుమ్మంలోనే నిలదీసింది. "ఒరే ముకుందూ, ఒట్టికాళ్లతో వచ్చినావేమిరా?"

వేదిక లోపలికి పోయేదాకా ఆగి, అక్క ఎదురుగా కూర్చుని, ముకుందం జరిగినదంతా చెప్పాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆండాళ్లు ఇంకా ఎనక సీట్లోనే ఉండాదన్న మాట," అంది. పులిహోరలో ఆరోజు ఉప్పు తక్కువైంది. ముకుందం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మరుసటి వారానికి సర్వీసు సెంటరుకు లొంగని బండ్లన్నీ మలుపు దగ్గర వరస కట్టాయి. వాటిని అక్కడికి పంపుతున్నది గిరిప్రసాదే. కమిటీవారు ముకుందానికి శాలువా కప్పి, పోయినవాటికి బదులు కొత్త చెప్పుల జత బహూకరించారు. ఆయన ఆ చెప్పులను కళ్లకద్దుకుని డిక్కీలో పెట్టాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కారు మాత్రం ఎక్కడా ఆగడం లేదు.