గోలుపోస్టు ముందరి గడ్డిమడి సంగ్రామము

సహస్రకిరణుడు ప్రేక్షకుల సిమెంటు మెట్లపై నుండి ఒక్కొక్క మెట్టే దిగివచ్చుచుండగా, నీళ్ల పైపుల నోళ్ల నుండి కడపటి బొట్లు రాలుచుండగా, ఫుట్‌బాల్ మైదానము ఇస్త్రీ చేసిన పచ్చని పట్టుబట్ట వలె నిగనిగలాడుచుండగా, ఆ ప్రశాంత ప్రభాతమున చెలరేగిన ఘోర సంగ్రామమును చెప్పెదను, చెవులు రిక్కించి వినుడు! సింహాసనములకై జరిగిన యుద్ధములు మీరు విని యుందురు. ఇది మంచము మీది దుప్పటియంత గడ్డికై, ఒకే ఇంటివారి నడుమ, ఇరుపక్షముల వారును ఇంకను కాఫీ త్రాగకుండగనే జరిగినది.

ఆ మైదానమునకు గ్రౌండ్స్‌మన్ ఒకడు కలడు. హరితసామ్రాజ్యధురంధరుడు, కలుపుమొక్కల పాలిటి ప్రళయకాలుడు, సరళరేఖోపాసకుడు. దూరదేశపు విత్తనముతో మొలచిన దట్టమైన పచ్చికను ఒక చార లేతగా, ఒక చార ముదురుగా కత్తిరించి, "కార్పెట్ పరిచారా ఏంటి?" అని ఎవరైన అన్ననాడు ఆ మహానుభావుడు రెండు ముద్దలు ఎక్కువ తినెడివాడు.

ఆయన పెద్దకోడలు నాటుగడ్డి పరిశోధకురాలు. రోడ్ల వారల, రైలు కట్టల ప్రక్కల, ఎవ్వరును నీరు పోయని చోట్ల మొండిగా బ్రదుకు తృణజాతులను ఏరి తెచ్చి, వానిలో ఏది ఆటగాని కాలికి మేలు చేయునో పరీక్షించుట ఆమె వృత్తి. లోకము ఆమెను గడ్డి మేడం అనెను.

చిన్నకొడుకు గోల్‌కీపరు. అభేద్యుడగుటచే జట్టు అతనికి "గోడ" అని బిరుదిచ్చెను. కాని గడచిన సీజనులో, ఆ కార్పెట్టు మీదనే, బంతికై అతడు గిరుక్కున తిరుగబోవ, బూటు మేకులు పచ్చికలో దిగి చిక్కుకొనెను. ఒళ్లు తిరిగెను, పాదము తిరుగలేదు. నడుమనున్న మోకాలు ఏ పక్షమున నిలువవలెనో తెలియక లోపలి లిగమెంటును తెంచుకొనెను. ఆపరేషను అయ్యెను. డాక్టరు ఆడవచ్చుననెను. కాలు నయమయ్యెను గాని గుండె నయము కాలేదు. బంతి వచ్చినప్పుడెల్ల ఆ వీరుడు దూకక, పెద్దమనిషి వలె దానికి దారి యిచ్చి నిలుచుండుటచే, "గోడకి గేటు పెట్టారు రా" అని జట్టువారు నవ్విరి.

ఒకనాటి భోజనవేళ కోడలు అనెను: "మావయ్యా, గడ్డి మరీ దట్టంగా అల్లుకుంటే బూటుని వదలదు. అప్పుడు మోకాలు పోతుంది. నాటు గడ్డి అయితే బలం ఎక్కువైనప్పుడు తెగిపోయి కాలిని వదిలేస్తుందేమో, చూడాలి."

ఆమె చెప్పినది గడ్డి సంగతి. ఆయనకు వినబడినది వేరు. చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచెను.

"అంటే నా కొడుకు కాలు నేనే విరగ్గొట్టానంటావా?"

నాటి నుండి మామాకోడళ్ల నడుమ మాటలు లేవు. రాయబారమంతయు అత్తగారి మీదుగా నడచెను. ఒకే బల్ల వద్ద కూర్చుండి, "ఆవిడకి మంచినీళ్లు కావాలేమో కనుక్కో" అని ఆయనయు, "వద్దని చెప్పండి అత్తయ్యా" అని ఈమెయు. "నేనేమన్నా మైకునా?" అని ఆ ఇల్లాలు విసుగుకొనెను.

క్లబ్బు అనుమతితో దక్షిణపు గోలు ముందు నాటిన నాటుగడ్డి మాత్రము ఈ కలహములతో పనిలేక వేళ్లూనుకొని, బూడిదపచ్చని రంగున, నిద్ర లేచిన తల వలె రేగి యుండెను. ఆ ఉదయమే దానికి పరీక్ష. మేకులు గల ఇనుప బూటుపై బరువు మోపి, పిడి పట్టి త్రిప్పి, ఎంత బలమునకు గడ్డి కాలిని వదలునో కొలువవలెను. కాని ఆ సాయంకాలమే సీజను ప్రారంభము, పెద్దల రాక. పట్టుబట్టకు పడిన ఆ మాసికను గొరిగి పారవేయ సంకల్పించి గ్రౌండ్స్‌మన్ గడ్డి కోసే మిషను నెక్కెను.

భుగభుగ ధూమము వెడలగా, కత్తులు గిర్రున తిరుగగా, ఆ లోహవృషభము రంకెలు వేయుచు దక్షిణపు గోలుకు కదలెను. వదినగారి బరువులు మోయుటకై ఆట బూట్లతోనే వచ్చిన గోల్‌కీపరు పోస్టుల నడుమ నిశ్చేష్టుడై నిలిచెను. గడ్డి మేడం ఇనుప బూటును గదాదండము వలె మడి అంచున నాటి, చేతులు నడుమున నుంచి ఎదురు నిలిచెను. మిషను ఆమెకు జానెడు దూరమున ఆగెను.

"ఒరేయ్, ఆవిడని పక్కకి జరగమను."

"వదినా, నాన్న జరగమంటున్నాడు."

"జరగనని చెప్పు."

"నాన్నా, జరగదట."

అంతట గ్రౌండ్స్‌మన్ ఆసనముపై లేచి నిలిచి, శూన్యమైన గ్యాలరీలు ప్రతిధ్వనింప గర్జించెను: "ఈ గ్రౌండులో నా కన్నుగప్పి ఒక్క కలుపు మొక్క తల ఎత్తలేదు! వానకి తడిశాను, ఎండకి మాడాను, దీని మీద ఈగ వాలనివ్వలేదు! తప్పు చేస్తే మనిషికి గడ్డి పెడతారు. ఈవిడ ఏకంగా నా గ్రౌండుకే గడ్డి పెట్టింది! సాయంత్రం అంతమంది ముందు ఈ చింపిరి తలని చూపించనా? చెప్పరా!"

గడ్డి మేడం రాయబారి కొరకు వేచి యుండలేదు. "పాములకి భయపడలేదు, రైల్వే వాళ్ల తిట్లకి భయపడలేదు, ఒక్కో పిలకా ఏరుకొచ్చి పెంచాను! ఒక్క కొలత, అదీ తీసుకోనివ్వకుండా గొరిగేస్తారా? గొరగండి! ముందు నన్ను గొరగండి!"

ఈ వీరాలాపమునకు గోల్‌కీపరు కిసుక్కున నవ్వెను. ఆ నవ్వుతో మామగారి సహనము సమాప్తమయ్యెను. మిషను దిగి, ఇనుప బూటును లాగివేయ ముందుకురికెను. ఎవరో విడిచిన బంతి యొకటి కాలికి అడ్డు తగిలెను. కోపము పట్టలేక దానిని తన్నెను.

జీవితమున గడ్డిని తప్ప దేనిని త్రొక్కి యెరుగని ఆ పాదము నుండి బంతి రివ్వున లేచి గోలు మూలకు దూసుకుపోయెను. ఆలోచించు వ్యవధి లేదు. భయపడు వ్యవధి అంతకన్న లేదు. గోడ గిరుక్కున తిరిగి దూకెను! బూటు మేకులు నాటుగడ్డిలో దిగెను, ఒళ్లు తిరిగెను, పాదము ఒక్క క్షణము చిక్కినట్లే చిక్కెను, అంతలో పర్రుమని గడ్డి తెగి వదలివేసెను. వీరుడు బంతిని కౌగిలించుకొని ప్రక్కకు దొర్లెను.

మిషను ఒక్కటే గుడగుడలాడుచుండెను. ఆ పెద్దాయన పరుగెత్తుట అదివరకు ఎవ్వరును చూచి యుండలేదు. నేలపై కూలబడి కొడుకు మోకాలిని రెండు చేతుల పట్టెను.

"మడువు. చాపు. మళ్లీ మడువు. నొప్పుందా?"

"లేదు నాన్నా." అంతలో ఏదో తట్టినట్లు అతని కన్నులు విప్పారెను. "నాన్నా, నేను దూకాను! చూశావా? దూకాను!"

తండ్రి తెగిన గడ్డిని పిడికెడు తీసి, వ్రేళ్ల నడుమ నలిపి చూచెను. "ఊడొచ్చేసింది," అని మెల్లగా పలికెను.

"ఊడాలి మావయ్యా. ఇది ఊడబట్టే కాలు నిలిచింది."

"మరి నా గడ్డి..." ఎన్నాళ్లకో ఆయన ఆమె ముఖము వంక చూచెను.

కోడలి నాలుకపై లెక్కలన్నియు సిద్ధముగా నుండెను. ఆ చూపు చూచి వానిని మ్రింగెను. "మీ గడ్డి అందరూ అడిగినట్టే పెరిగింది మావయ్యా. నున్నగా ఉండాలన్నారు, ఉంది. కాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. మేమూ ఇప్పుడే అడుగుతున్నాం. అయినా ఒక్కసారి పడితే రుజువు కాదు. ఇంకో వందసార్లు పడాలి."

"వదినా! నేను మనిషినా, బస్తానా?"

గ్రౌండ్స్‌మన్ చొక్కా చేతితో ముఖము తుడుచుకొని, "కంట్లో గడ్డి పడింది," అని ప్రకటించెను. పిదప మిషను నెక్కి, శత్రువునకు సంధి షరతులు విధించు సార్వభౌముని వలె పలికెను: "వచ్చే ఆదివారం దాకా ఉంచుతానమ్మాయ్. అంచులు మాత్రం సరిచేస్తా. వంకర చూస్తే నాకు నిద్ర పట్టదు."

తూర్పు అంచు సరిచేయగా పడమటి అంచు వంకరగా తోచెను. పడమర సరిచేయగా ఉత్తరము వంకరయ్యెను. మరల తూర్పు. "చాలు మావయ్యా! బాబోయ్, చాలు!" అని మొరపెట్టుచు కోడలు మిషను వెంట పరుగిడెను.

జయము! జయము! దిక్కులు పిక్కటిల్లునట్లు చాటుడు! పరిశోధనా ధ్వజము ఎగురుచుండ, దుప్పటియంత గడ్డిమడిలో తువ్వాలంత భాగము, నాలుగంచులును సరళరేఖలై, వచ్చే ఆదివారము వరకు అజేయముగా నిలిచెను!