నడుము ఇరవై అయిదు

ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పని పది నిమిషాలది. తొమ్మిదో తరగతి చదివే కూతురు బడికి వెళ్ళేలోగా కొత్త స్కర్టుకి కొలతలు తీసుకోవాలి, మధ్యాహ్నానికల్లా బట్ట కత్తిరించి పడేయాలి. పిల్ల జడకి రిబ్బను కట్టుకుంటూనే వచ్చి నిలబడింది. ఆయన టేపు చుట్టి, అలవాటు కొద్దీ వీధంతా వినపడేలా "నడుము ఇరవై అయిదు!" అని కేక పెట్టాడు. పక్కనే గుండీలు కుడుతున్న భార్య నోటుబుక్కులో రాసుకుంది. రాసి, ఎందుకో పేజీలు వెనక్కి తిప్పింది.

"పోయినేడాది ఇరవై ఆరు ఉందండీ."

దర్జీ మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఇరవై అయిదే. ఎదిగే పిల్ల పెరగాలి గానీ తరగడమేమిటి?

"బడిలో అన్నం తింటున్నావా తల్లీ?"

"తింటున్నా నాన్నా, బ్రహ్మాండంగా తింటున్నా. టైమైపోయింది, వదులు!" అంటూ పిల్ల తుర్రుమంది.

అంత చప్పున వచ్చిన జవాబు ఆయనకి నచ్చలేదు. అసలు ఈ మధ్య ఆయనకి ఎవరి మీదా నమ్మకం లేదు. బట్టల కొట్టతను మీటరుకి మూడంగుళాలు తక్కువ కోస్తున్నాడని కనిపెట్టి నెల రోజులుగా అతనితో మాటలే మానేశాడు.

"సాయంత్రాలు కూడా ఏం పెట్టినా ఆకలి లేదంటోంది. ఇప్పటి పిల్లలకి సన్నబడే పిచ్చి పట్టుకుందటండీ. డబ్బాలో అన్నం ఎక్కడో పారబోసి, ఖాళీ డబ్బా ఇంటికి తెస్తారట" అంది భార్య.

"మరి మన డబ్బా?"

"ఖాళీగానే వస్తోంది."

"చూశావా మరి!"

నిండుగా వచ్చినా అనుమానమే, ఖాళీగా వచ్చినా అనుమానమే అయితే పిల్ల ఇంక ఎలాంటి డబ్బా తేవాలో ఇద్దరికీ తట్టలేదు.

మూడు రోజులు ఇంట్లో నిఘా నడిచింది. తల్లి స్నానాలగది తలుపుకి చెవి ఆనించింది. తండ్రి పుస్తకాల సంచీలో ముక్కుపెట్టి వాసన చూశాడు. "ఏమైంది మీ ఇద్దరికీ? నేనేమైనా దొంగతనం చేశానా?" అని పిల్ల విసుక్కుంటే, ఆ విసుగు నీరసం వల్లేనని తేల్చారు. పైకి పోలీసులా తిరుగుతున్నా ఆయనకి లోపల భయంగానే ఉంది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

నాలుగో రోజు భోజనాల గంట వేళకి, తను కుట్టే బడి యూనిఫారాల్లో నాలుగు చొక్కాలు ఇచ్చే నెపంతో దర్జీ బడికి వెళ్ళాడు. తరగతి గది వెనక్కి చేరి, వంగి కిటికీలోంచి తొంగిచూశాడు. కూతురు తన డబ్బా ఖాళీ చేసింది. ఆయన ప్రాణం కుదుటపడింది. ఇంతలో పక్కనున్న పొడుగు జడ పిల్ల మూతైనా తియ్యని డబ్బా ఇటు జరిపింది. కూతురు అదీ ఖాళీ చేసింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత నాలుగోది. కుదుటపడిన ప్రాణం మళ్ళీ ఎగిరిపడింది. నలుగురి తిండి తిని కూడా తరిగిపోతోందంటే, దీనికి ఏం జబ్బు వచ్చినట్టు?

"ఎవరయ్యా అది? ఆడపిల్లల కిటికీ దగ్గర ఏం పని?"

వెనక హెడ్మిస్ట్రెస్ నిలబడి ఉంది.

"కొలతల కోసం అండీ" అన్నాడు మెడలోని టేపు చూపించి.

"కిటికీలోంచా?"

ఆవిడ గదిలో విచారణ మొదలైంది. అనుమానించడంలో ఆవిడ దర్జీకి ఏమాత్రం తీసిపోలేదు. ఆయన్నీ, ఆయన కూతుర్నీ, డబ్బాలు జరిపిన పిల్లల్నీ వరసగా నిలబెట్టింది. పొడుగు జడ పిల్ల బావురుమంది.

"బడి తెరిచినప్పుడు అంకుల్ మా కొలతలు గట్టిగా చదివారు మేడమ్. అందరికీ పోయినేటి కన్నా తగ్గింది. అప్పటికి వారం నుంచి నేను మధ్యాహ్నం తినట్లేదు. దానివల్లే తగ్గిందనుకుని వీళ్ళకీ చెప్పా. ఇంకా తగ్గాలని అందరం మానేశాం."

"వీళ్ళు పారబోస్తుంటే చూడలేక నేను తినేస్తున్నా. ఇంటికొచ్చాక ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది నాన్నా?" అంది కూతురు.

హెడ్మిస్ట్రెస్ లెక్కల టీచరు కూడా. "తిన్నవాళ్ళకీ, మానినవాళ్ళకీ, అందరికీ ఒకేసారి తగ్గిందా? నా అనుమానం పిల్లల మీద కాదు. ఆ టేపు ఇలా ఇవ్వండి" అంది. తరగతిలో వాడే మీటరు కర్ర పక్కన టేపు పరిచింది. ముప్పై తొమ్మిది అంగుళాలు దాటాల్సిన చోట టేపు ముప్పై ఆరున్నర చూపించింది.

దర్జీకి వేసవి గుర్తొచ్చింది. టేపు మెలికలు పడిందని తడిపి, కొసకి ఇస్త్రీపెట్టె కట్టి, రెండు రోజులు తలుపుకి వేలాడదీసి సాగదీసింది ఆయనే.

"మరి బట్టలన్నీ సరిపోయాయి కదండీ?"

"అదే టేపుతో కొలిచి, అదే టేపుతో కత్తిరిస్తే సరిపోక ఏం చేస్తాయి?"

బట్టల కొట్టతని ముఖం ఆయన కళ్ళ ముందు మెదిలింది. అతన్ని అనవసరంగా అనుమానించిన సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎదురుగా పొడుగు జడ పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మొన్న ఆటల పీరియడులో కళ్ళు తిరిగి పడిపోయింది ఈ పిల్లేనని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు. తన ఇంట్లో ఒక్క పిల్ల తిండి మానేసిందేమోనని బెంగపడి వస్తే, తన టేపూ తన గొంతూ కలిసి ముగ్గురు పిల్లల చేత మాన్పించాయి.

మర్నాడు కొత్త టేపుతో వచ్చాడు. పిల్లలు పరీక్ష ఫలితాలకి నిలబడ్డట్టు వరసలో నిలబడ్డారు. ఈసారి కేకల్లేవు. ఒక్కొక్కరినీ కొలిచి, నోరు మూసుకుని తనే రాసుకున్నాడు.

"ఎంతొచ్చింది అంకుల్?" అంది పొడుగు జడ పిల్ల భయంభయంగా.

"అది బట్టకి సంబంధించిన లెక్కమ్మా, నీకెందుకు? కుట్ల లోపల రెండంగుళాల బట్ట ఎప్పుడూ వదిలే కుడతాను. మీరు పెరుగుతారనే వదులుతాను. నువ్వెళ్ళి అన్నం తిను."

ఆ పిల్ల వెళ్ళి డబ్బా మూత తీసింది. మిగతా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తమ డబ్బాలు తాము దగ్గరికి లాక్కున్నారు.

దర్జీ కూతురు నిజంగా ఆకలితో నకనకలాడుతూ ఇంటికి రావడం ఆ రోజు నుంచే మొదలైంది.