మీనరాశివాడు నిప్పు ముట్టరాదు

ఆ ఆదివారం పెరట్లో బొగ్గులు రాజేసి, పక్కటెముకల మాంసాన్ని తీరిగ్గా కాల్చి, మధ్యాహ్నానికల్లా దోన్ ఎగీదియోను బుట్టలో వేసుకోవాలని అన్సెల్మో అనుకున్నాడు. అవెయనేదా ఊళ్ళో, వాళ్ళ పేటలో గుండ్లు దొర్లించే ఆట క్లబ్బుకు ఎగీదియో అధ్యక్షుడు. క్లబ్బు వార్షిక విందులో ఏళ్ళ తరబడి మాంసం కాల్చిన పెద్దాయనకు మోకాళ్ళు మొరాయించాయి. ఆయన స్థానంలో ఎవరిని పెట్టాలో తేల్చుకోవడానికి ఎగీదియో ఇంటింటికీ భోజనానికి వెళ్తున్నాడు. తిన్నాక కాల్చినవాడికి అందరూ చప్పట్లు కొట్టడం ఆనవాయితీ. ఆ చప్పట్లు ఒక్కసారి క్లబ్బు మొత్తం తన కోసం కొట్టాలన్నది అన్సెల్మో కోరిక. ఆ మనిషికి జీవితంలో ఇంకే ఆశా లేదు.

బొగ్గుల సంచీ విప్పబోతుంటే భార్య ఓల్గా వచ్చి అడ్డం నిలబడింది. ఆమె చేతిలో కొత్తగా కొన్న సూర్యరాశుల పుస్తకం ఉంది. అట్ట మీద తలపాగా చుట్టుకున్న ఒకాయన ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ముసలాడా, పొయ్యి జోలికి వెళ్ళకు. నువ్వు మార్చిలో పుట్టావు, మీనం. నీటి రాశి. మీనరాశివాడు చెయ్యి పెడితే నిప్పు ఆరిపోతుందట."

"పెళ్ళయినప్పటి నుంచీ నేను కాల్చిందేగా తింటున్నావు. ఎప్పుడైనా ఆరిందా?"

"ఇన్నాళ్ళూ మన అదృష్టం బాగుంది. ఇవాళ అధ్యక్షుడొస్తున్నాడు, అదృష్టాన్ని నమ్ముకోలేం," అంది ఓల్గా. ఏప్రిల్లో పుట్టినవాడు మేషరాశి, నిప్పుకు యజమాని అని కూడా పుస్తకంలో ఉంది. కాబట్టి పొయ్యిని, ఏప్రిల్లో పుట్టినరోజు చేసుకునే తన తమ్ముడు దార్దోకి అప్పగించేసింది. దార్దో టీ నీళ్ళు పెడితే కెటిల్ మాడిపోతుంది. అయినా అతను ఒద్దనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక పుస్తకం తనను మెచ్చుకోవడం అదే మొదలు.

అన్సెల్మో వీధి చివర పత్రికల బంకుకు వెళ్ళి, ఇంకో సూర్యరాశుల పుస్తకం కొనుక్కొచ్చాడు. మీనరాశివారికి ఓర్పు ఎక్కువనీ, ఏ పనైనా నిదానంగా చేస్తారనీ అందులో ఉంది. మాంసం కాల్చడానికి ఓర్పు కాక ఇంకేం కావాలని భార్యను నిలదీశాడు.

రెండింట్లో ఏది నమ్మదగ్గదో తేల్చడానికి ఓల్గా రెండు మీనరాశి పేజీలనూ వాళ్ళమ్మ దోన్యా పూరాకు చదివి వినిపించింది. మంచివాడు కానీ ఒక్కోసారి మొండి, నలుగురిలో ఉన్నా లోలోపల ఒంటరి అని రెండింట్లోనూ ఉంది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, రెండూ అచ్చం మీ నాన్నేనే అంది. ఆయన మకరరాశి. ఇలా లాభం లేదని ఓల్గా రెండు పుస్తకాలనూ చేతుల్లో పెట్టి బరువు చూసింది. తలపాగా ఆయనదే బరువుగా ఉంది. దాంతో శాస్త్రపరిశోధన ముగిసింది. సలాడ్ కోసం లెట్యూస్ ఆకులు కడగడం నీటి పని కనుక అది అన్సెల్మోకు పడింది.

అతను వంటింటి గుమ్మంలో కూర్చుని ఆకులు కడుగుతూ పెరట్లోకే చూస్తున్నాడు. దార్దో మాంసం పెట్టేసి, ఇంకా సరిగ్గా రాజుకోని బొగ్గుల మీద స్పిరిట్ సీసా వంచాడు. బొగ్గులు కణకణలాడేదాకా ఆగాలని అన్సెల్మో చెప్పి చూశాడు.

"బావా, నేను మేషాన్ని," అని దార్దో మిగిలిన స్పిరిట్ కూడా గుమ్మరించాడు.

మంట భగ్గున లేచింది. ముందు దార్దో కనుబొమలు పోయాయి, తర్వాత మాంసం నల్లబడింది, ఆపైన ద్రాక్ష పందిరి ఎండుటాకులు అంటుకున్నాయి. పక్కింటివాళ్ళ దుప్పట్లు ఆ పందిరి అవతలే ఆరేసి ఉన్నాయి. అన్సెల్మో ఆకులు కడిగిన తొట్టిని రెండు చేతులా ఎత్తి మంట మీద గుమ్మరించాడు. పందిరి బతికింది. పొయ్యి మాత్రం బుస్సుమని చల్లారిపోయింది. సరిగ్గా అప్పుడే ఎగీదియో పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఆయనకు కనబడిందల్లా ఖాళీ తొట్టి పట్టుకున్న అన్సెల్మో, అతని ముందు పొగలు కక్కుతున్న పొయ్యి.

"నేను చెప్పలేదూ?" అంది ఓల్గా.

మాంసం పైన బొగ్గు, లోపల పచ్చి, మొత్తంగా స్పిరిట్ వాసన. ఎగీదియో మర్యాదకు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఆ తర్వాత సలాడ్ గిన్నెను తన వైపు లాక్కున్నాడు. తింటూ దార్దో బోడి కనుబొమల కేసి చూసి, పాపం కుర్రాడికి ఇవాళ రోజు బాగాలేదన్నాడు.

"వీడికి పుట్టినరోజు నుంచే బాగాలేదు నాయనా," అంది దోన్యా పూరా. "మార్చి మొదట్లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న ఏప్రిల్ దాకా జననాల రిజిస్ట్రీకే పోలేదు. ఆలస్యానికి జరిమానా వేస్తారని, నిన్ననే పుట్టాడని రాయించాడు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని దార్దో గొణిగాడు. ఎవరూ అడగలేదంది తల్లి. అన్సెల్మోకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"అయితే వీడూ మీనమే! నిప్పుకు యజమాని అన్నావే ఓల్గా, ఇప్పుడేమంటావు?"

ఓల్గా తడుముకోలేదు. "అనేదేముంది? మీనరాశివాడు చెయ్యి పెట్టాడు, మాంసం మాడింది. ఇంకో మీనరాశివాడు వచ్చి ఆర్పేశాడు. పుస్తకంలో ఒక్క ముక్క తప్పుందేమో చూపించు."

తన వైపు నిజం ఉండి కూడా ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం అన్సెల్మోకు తెలిసొచ్చింది. ఈలోగా ఎగీదియో ఆ పుస్తకం అందుకుని, వేలు తడి చేసుకుంటూ నాలుగు పేజీలు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"అన్సెల్మో, నేను వెతుకుతున్న మనిషి దొరికాడు. ఇంత శుభ్రంగా కడిగిన ఆకు నేను క్లబ్బులో ఎన్నడూ తినలేదు. విందుకు సలాడ్ నీదే. పొయ్యికి మా బావమరిది ఉన్నాడు. వాడు మేషమట, ఇప్పుడే ఇందులో చూశాను."

ఆపైన ఆయన లేచి నిలబడి, సలాడ్ చేసినవాడికి చప్పట్లు అన్నాడు. అందరూ కొట్టారు, అందరికన్నా గట్టిగా ఓల్గా కొట్టింది. ఆ పేటలో ఒక మగవాడికి సలాడ్ చేశాడని చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. సిగ్గుతో అన్సెల్మో తల ఎత్తలేకపోయాడు.

విందు రోజున ఎగీదియో బావమరిది మాంసాన్ని తోలు చెప్పులా కాల్చి, చప్పట్లన్నీ కొట్టించుకున్నాడు. క్లబ్బు వెనకాల కొళాయి దగ్గర అన్సెల్మో మోచేతుల దాకా తొట్లలో ముంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆకులు కడిగాడు. నీటి రాశివాడు రోజంతా నీళ్ళలోనే ఉన్నాడు కాబట్టి, పుస్తకం మీద ఆ పేటలో ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.